గోరాయన కొట్టు

మా కొట్టుకి బోర్డు ఉంది, బోర్డు మీద పేరూ ఉంది. కానీ ఆ పేరు చెప్పి అడిగితే పక్కవీధి వాళ్ళు కూడా దారి చూపించలేరు. "గోరాయన కొట్టెక్కడండీ?" అంటే మాత్రం ఎవరైనా చెయ్యెత్తి చూపిస్తారు.

మా నాన్న రంగు కలిపి, కర్రతో తిప్పి, ఆ కర్ర కొసని ఎడమచేతి బొటనవేలి గోటికి తాకించేవాడు. గోటిమీద పడ్డ చుక్కని ఉఫ్‌మని ఊది, గుమ్మం దాటి ఎండలో నిలబడి, చెయ్యి చాచి చూసుకునేవాడు. బాగుంటే తలూపేవాడు. బాగాలేకపోతే లోపలికొచ్చి మళ్ళీ కర్ర పట్టుకునేవాడు. కొనడానికి వచ్చినవాళ్ళు ఎంత తొందరలో ఉన్నా, ఆ గోరు ఎండలోంచి తిరిగొచ్చేదాకా నోరు మెదిపేవాళ్ళు కాదు.

నేను గల్లాపెట్టె దగ్గర కూర్చునేదాన్ని. చదువు అయిపోయినప్పటి నుంచీ సరుకు తెప్పించడం, కంపెనీలతో బేరాలు, గోడౌను సర్దడం, మేస్త్రీల అలకలు తీర్చడం అన్నీ నావే. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, కొట్టు నడిపేది నేను, కొట్టు పేరు ఆయన. జనం నన్ను 'గోరాయన కూతురు' అనేవాళ్ళు. ఆ మాటలో గౌరవం ఉంది, కాదనను. అందులో నా వాటా ఎంతో మాత్రం ఎప్పుడూ తేలలేదు. తేలింది ఒక ఎండాకాలంలో.

రంగుల వ్యాపారమంతా ఎండాకాలంలోనే. వానలు పడేలోపు గోడలు ఆరాలి కాబట్టి ఊరు ఊరంతా ఒక్కసారే మా మీద పడుతుంది. ఆ ఏడు ఎండలు మొదలయ్యేసరికి మా ఎదురువరసలో ఒక కొత్త కొట్టు తెరిచారు. అద్దాల తలుపులు, లోపల బీరువా అంత మిషను. కార్డు మీద నచ్చిన రంగు చూపిస్తే, ఒక అమ్మాయి మీట నొక్కుతుంది, మిషను కాసేపు గుర్రుమంటుంది, రంగు తయారు. మా మేస్త్రీలు కొందరు మా అరుగు మీద కూర్చుని అటే చూస్తుండేవాళ్ళు.

అలాంటి మిషనే మాకూ అంటగట్టాలని కంపెనీ మనిషి ఒకడు తిరిగేవాడు. మండుటెండలో కూడా మెడలో టై విప్పేవాడు కాదు. అందుకని మేస్త్రీలు వాడికి 'టై అబ్బాయి' అని పేరు పెట్టారు. నాకు ఆ మిషను కావాలి. ఎందుకు కావాలో నా లెక్క నాకుంది. నాన్న తరవాత రంగు కలిపేవాళ్ళు లేరు. కలిపే మనిషి లేని రంగుల కొట్టుకి, తాళంచెవి పోగొట్టుకున్న పెట్టెకి తేడా లేదు.

"ఈ రోజు కలిపిందీ, ఇంకో పదేళ్ళకి కలిపిందీ ఒక్కలాగే ఉంటుందండీ," అన్నాడు టై అబ్బాయి, నాన్నకి కార్డులు పరిచి చూపిస్తూ.

"అయితే నేనేం చెయ్యాలి నాయనా?"

"మీరు హాయిగా కూర్చోవచ్చండీ."

"హాయిగా కూర్చోడానికి ఇంట్లో మంచం ఉంది. దానికి మిషనెందుకూ?"

టై అబ్బాయి నా వంక చూశాడు. నేను కార్డులు తీసి పెట్టెలో దాచాను. వాడు వెళ్ళాక నాన్న కర్ర తుడుచుకుంటూ అన్నాడు. "అది పెట్టావంటే మనం డబ్బాలమ్ముకునేవాళ్ళం అయిపోతాం అమ్మాయ్."

"ఇప్పుడు అమ్మేది డబ్బాలు కాదా?"

"ఇప్పుడు డబ్బాల్లో పోసి అమ్ముతున్నాం. తేడా ఉంది."

"నీ తరవాత ఎవరు పోస్తారు నాన్నా? నాకా, ఆ కన్ను లేదు."

"కన్ను ఎవరికీ పుట్టుకతో రాదే. వాడితే వస్తుంది. నువ్వా పెట్టె వదిలి లేస్తేగా?"

"ఎప్పుడైనా కర్ర నా చేతికిచ్చావా?"

"ఎప్పుడైనా అడిగావా?"

ఇద్దరం సరిసమానంగా తగిలించుకున్నాం కాబట్టి ఆ పూటకి అక్కడితో ఆగిపోయింది.

సెలవులిచ్చిన వారంలోనే బడి పెద్ద టీచరమ్మ వచ్చింది. మా ఊళ్ళో సగంమంది ఆవిడ చేతి బెత్తం రుచి చూసినవాళ్ళే. నేనూ చూశాను. ఆవిడ కొట్టు గుమ్మంలో అడుగుపెడితే ఇప్పటికీ లేచి నిలబడతాను.

"కింది అంతస్తుకి మీరే కలిపారు, గుర్తుందా?" అంది నాన్నతో. "ఇప్పుడు పైన ఇంకో అంతస్తు కట్టించాం. అదే రంగు కావాలి. మెట్లెక్కి పైకి వెళ్తే వేరే బడికి వచ్చినట్టు ఉండకూడదు. సెలవులైపోయేలోపు పని పూర్తవాలి."

"ఆ రంగు నన్ను నిద్రలో లేపి అడిగినా వస్తుందండీ."

"పిల్లలందరూ అదే మాటంటారు. పరీక్షలో తెలుస్తుంది." ఆవిడ ఎదురు కొట్టు అద్దాల వైపు ఒకసారి చూసింది. "వాళ్ళూ వచ్చి అడిగారు. మిషను మీద చేసిస్తాం, వెంట్రుకవాసి తేడా రాదన్నారు. నేనే వినకుండా ఇటొచ్చాను. ఇది కుదిరితే ఆటల హాలూ, పిల్లల హాస్టలూ కూడా మీకే. కుదరకపోతే మొహమాటపడను, ముందే చెబుతున్నా."

నాన్న నవ్వాడు. నేను నవ్వలేదు. హాలూ హాస్టలూ మావైతే ఆ ఎండాకాలం మాది. అవి ఎదురు కొట్టుకి పోతే, వాటి వెనకే మేస్త్రీలు పోతారు. మేస్త్రీల వెనక ఊరు పోతుంది.

"పాత గోడ పెచ్చు ఒకటి తెప్పిస్తాను నాన్నా, పక్కన పెట్టుకుని కలుపు," అన్నాను ఆవిడ వెళ్ళాక.

"పెచ్చు చూసి కలిపేవాడు, వెనక పేజీలో జవాబు చూసి లెక్క చేసేవాడు ఒక్కటే."

ఆయన పద్ధతే అంత. ఒకసారి కలిపిన రంగుని ఎన్నేళ్ళకైనా మనసులోంచే తీసేవాడు, నమూనా చూసేవాడు కాదు. గోరాయన అన్న పేరు వచ్చింది గోరు వల్లే అయినా, నిలబడింది ఈ జ్ఞాపకం వల్ల. తెల్లరంగు పీపాల మూతలు తీశాడు. ముద్దరంగుల డబ్బాల్లోంచి పసుపు, తరవాత నీలం గరిటెతో వేశాడు. తిప్పాడు. మళ్ళీ కాస్త నీలం. చివరికి పుల్ల కొసతో నల్లరంగు, ఉండీ లేనట్టుగా ఒక చుక్క.

"ఈ నల్లచుక్క పడకపోతే ఏ రంగుకీ పెద్దరికం రాదు," అన్నాడు ఎప్పటిలాగే. గోటికి తాకించి, ఎండలోకి వెళ్ళి, తలూపాడు.

బడి పని పట్టింది నిచ్చెన మేస్త్రి. వంటింట్లో బల్బు మార్చమన్నా భుజాన నిచ్చెనతో వచ్చే మనిషి కాబట్టి ఆ పేరు. నాన్న దగ్గర సరుకు పట్టుకెళ్తూ పట్టుకెళ్తూనే ఆయన జుట్టు నెరిసింది. ఒకరోజు మధ్యాహ్నం నాన్న భోజనానికి ఇంటికెళ్ళిన సమయం చూసుకుని కొట్టుకొచ్చాడు. నిచ్చెన లేకుండా వచ్చాడు. అప్పుడే నాకు తేడా అనిపించింది.

"ఒకసారి బడి దాకా వస్తావా అమ్మాయ్? పెద్దాయనకి మాత్రం చెప్పకు."

కింది వరండా దాటి మెట్ల మలుపు దగ్గర ఆగాం. పాత గోడ అయిపోయి కొత్త గోడ మొదలయ్యేది అక్కడే. కింద ఉన్నది లేత ఆకుపచ్చ. నేను చదువుకున్నప్పటి రంగు, వీపు ఆనించి శిక్షకి నిలబడ్డ రంగు. పైనున్నదీ ఆకుపచ్చే. కానీ దానికి చలి పుట్టినట్టుంది. నీలం ఎక్కువైంది. కిటికీలోంచి పడే ఎండలో ఆ రెండింటి మధ్యా గీత గీసినట్టు కనిపిస్తోంది.

"తడిగా ఉందేమో, ఆరితే కలుస్తుందనుకున్నా," అన్నాడు మేస్త్రి. "ఆరింది. నా చేతిలోనే తప్పుందేమోనని ఆ తలుపు వెనక గోడ చెరిపి మళ్ళీ వేశా. అదీ ఇంతే. పెద్దాయన కలిపినదాంట్లో తేడా వచ్చిందని ఈ నోటితో ఎట్లా అనను చెప్పు?"

"ఇంకెవరితోనైనా అన్నావా?"

"నా పనివాళ్ళకి కూడా చెప్పలా. ఇది పునాది కోటు, దీనిమీద ఇంకోటి పడుతుందని బొంకా."

ఇంటికెళ్ళేసరికి నాన్న నిద్రపోతున్నాడు. అమ్మ పెరట్లో తీగమీద దుప్పట్లు ఆరేస్తోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, నాన్న ఈ మధ్య ఎలా ఉంటున్నాడని అడిగాను.

"ఎలా ఉంటాడు, ఇదిగో ఇలా ఉంటాడు," అని అమ్మ ఒక దుప్పటి దులిపింది. ముదురు నీలం దుప్పటి. "ఈ నల్లదుప్పటి ఎప్పుడు కొన్నావ్ అన్నాడు మొన్న. దీపాలు సరిగా వెలగడం లేదంటాడు. బల్బులు మార్పించా. అవీ మంచివి కావన్నాడు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, ముందు నీ కళ్ళు చూపించుకో అన్నాడు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే నువ్వు ఆ మిషను మాటెత్తుతావని. అదీగాక, కొట్టులో పక్కనే కూర్చునేదానివి నువ్వు. నీకు తెలిసే ఊరుకున్నావనుకున్నా." దుప్పటికి క్లిప్పు పెట్టి అంది. "శుక్లాలయ్యుంటాయి. మా అన్నయ్యకీ ఇలాగే మొదలైంది. కోయిస్తే పోతాయి. కానీ ఆ మాట ఆ మనిషితో అనేదెవరు?"

నేను కొట్టుకి నడుస్తూ లెక్క వేసుకున్నాను. చెబితే ఒక లెక్క, చెప్పకపోతే ఒక లెక్క. చెబితే ఆయన ఆ నిమిషమే కర్ర కింద పెట్టేస్తాడు. సీజను నడుమ గోరాయన చెయ్యి ఆగితే ఊరికి కారణం కావాలి. కారణం బయటపడితే ఈ ఒక్క బడి గోడే కాదు, ఇన్నాళ్ళూ ఆయన కలిపిన ప్రతి గోడనీ జనం అనుమానంగా చూస్తారు. ఇక చెబితే నాకొచ్చే లాభం ఒకటుంది. మిషను వాదనలో నేను గెలుస్తాను. ఒక్క మాట చాలు, ఎదురు చెప్పలేడు. వ్యాపారంలో ఇలాంటి గెలుపులు చూశాను. అవతలివాడు మళ్ళీ మన గుమ్మం తొక్కడు. ఇక్కడ అవతలివాడు మా నాన్న.

మర్నాడు మేస్త్రి చేత పాత గోడ పెచ్చు ఒకటి తెప్పించుకున్నాను. నాన్న భోజనానికి వెళ్ళగానే కొట్టు తలుపు ఓరగా వేసి, ఆయన పొద్దున కలిపిపెట్టిన పీపాల మూతలు తీశాను. నీలం ఎక్కువైందంటే కావలసింది పసుపు. అంతవరకూ ఎవరికైనా తెలుస్తుంది. ఎంత అన్నదే అసలు విద్య. మొదటి పీపాలో గరిటె నిండా వేసి తిప్పితే, లేత ఆకుపచ్చ కాస్తా రోగిష్టి ముఖంలా తయారైంది. దాన్ని గోడౌను గోడలకి వాడుకోవచ్చులే అని పక్కకి జరిపాను. రెండో పీపాకి గరిటె మానేసి పుల్ల పట్టుకున్నాను.

కాగితం మీద రాసి పెచ్చు పక్కన పెట్టి చూస్తే ఒక రకంగా కనిపించింది. అట్ట మీద రాస్తే ఇంకో రకంగా ఉంది. కాగితం రంగుని తాగేస్తుంది, అట్ట దాని మట్టిరంగు దీనికి అంటిస్తుంది. చేసేది లేక ఎడమచేతి బొటనవేలు చాచి కర్ర తాకించాను. గోరు రంగుని తాగదు, దాచదు, ఉన్నదున్నట్టు చూపిస్తుంది. ఇన్నాళ్ళూ అది ఆయన ఠీవి అనుకున్నాను. అది పనిముట్టు.

గుమ్మం దాటి ఎండలోకి వెళ్ళి, ఆ చేత్తోనే పెచ్చు పట్టుకుని చూశాను. ఇంకా చలిగానే ఉంది. లోపలికొచ్చి ఇంకాస్త పసుపు వేశాను. మళ్ళీ బయటికి, మళ్ళీ లోపలికి. కొట్టు ముందు నుంచి వెళ్తున్న ఒకాయన "నాన్నగారి రోగం నీకూ అంటుకుందా అమ్మా?" అని నవ్వుకుంటూ పోయాడు. ఎన్నోసారో తెలియదు, గోటి మీది చుక్కకీ పెచ్చుకీ మధ్య అంచు కనిపించడం మానేసింది. తరవాత గోరు కిరసనాయిలు గుడ్డతో తుడిచి, సబ్బుతో కడుక్కుని పెట్టె దగ్గర కూర్చున్నాను. సాయంత్రం మేస్త్రి ఆ పీపా పట్టుకెళ్ళి చలి గోడల మీద ఇంకో కోటు మొదలుపెట్టాడు.

అప్పటినుంచీ పొద్దున ఆయన కలపడం, మధ్యాహ్నం నేను సరిచెయ్యడం. ఒక్క బడి సరుకే కాదు, పాత గోడకి పోయే పీపా ప్రతిదీ. నా చేతికి అలవాటవుతున్నకొద్దీ పెచ్చుతో అవసరం తగ్గింది. చిక్కల్లా నిచ్చెన మేస్త్రితో. ఆయనకి నటించడం రాదు.

"పీపాలు కలిపి చాలాసేపైందిరా, పట్టుకెళ్ళవేం?" అన్నాడు నాన్న ఒక పొద్దున.

"సాయంత్రం పట్టుకెళ్తానండీ."

"ఏం, పొద్దున పట్టుకెళ్తే కరుస్తాయా?"

"ఎండకి... నిచ్చెన కాలిపోతోందండీ, పట్టుకోలేకపోతున్నా."

"పీపాలు మొయ్యడానికి నిచ్చెనెందుకురా?"

మేస్త్రి నా వైపు చూశాడు. నేను గల్లాపెట్టెలో తలదూర్చి ఏదో వెతికాను.

టై అబ్బాయి మళ్ళీ వచ్చాడు. నెలాఖరులోపు సంతకం పెడితే మిషనుతోపాటు నేర్పే మనిషిని కూడా కంపెనీయే పంపిస్తుందట. ఆ తరవాతైతే లేదట. నాన్న చెయ్యి అడ్డంగా ఊపి కర్ర తిప్పుకోసాగాడు. నాకు ఓపిక చచ్చింది. పొద్దున్నుంచీ కాళ్ళమీద ఉన్నాను. మధ్యాహ్నం దొంగలా పని చేస్తున్నాను. మేస్త్రి నోటికి కూడా నేనే కాపలా కాస్తున్నాను.

"నీ కన్ను ఎల్లకాలం ఇలాగే ఉంటుందా నాన్నా?" అనేశాను.

కర్ర ఆగింది. టై అబ్బాయి కార్డులు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"ఎందుకన్నావ్ ఆ మాట?"

"ఊరికే. అందరికీ వయసొస్తుంది కదా అని."

ఆయన చాలాసేపు నా వైపు తిరిగి నిలబడ్డాడు. నన్ను చూశాడో, నేను కూర్చున్న దిక్కుని చూశాడో చెప్పలేను. తరవాత కర్ర మళ్ళీ తిరగడం మొదలైంది.

ఆయనకి ఇంకో అలవాటుంది. పొద్దున కొట్టు తెరవగానే ముద్దరంగుల డబ్బాలు ఒక్కొక్కటే ఎత్తి, గుడ్డతో తుడిచి, మళ్ళీ వరసలో పెడతాడు. ఆ ఎత్తడంలోనే ఏది ఎంతుందో ఆయన చేతికి తెలిసిపోతుంది, మూత తియ్యనక్కరలేదు. టై అబ్బాయి వచ్చి వెళ్ళిన కొద్ది రోజులకి, నేను పెట్టె తాళం తీస్తుండగా, తుడిచే చప్పుడు ఆగిపోయింది. తల తిప్పి చూశాను. నాన్న పసుపు డబ్బా ఎత్తి పట్టుకున్నాడు. కింద పెట్టాడు. నీలం డబ్బా ఎత్తాడు. అది దించి, మళ్ళీ పసుపుది ఎత్తాడు.

"అమ్మాయ్, పసుపు అయిపోవచ్చింది."

"ఊఁ."

"నేను ఇంత వాడలేదే."

వీధిలో ఎవరో షట్టరు ఎత్తుతున్నారు. ఆ చప్పుడు అయిపోయేదాకా నేను తాళంచెవుల గుత్తిలో ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాను. ఆయన డబ్బా తుడిచి, దాని చోట దాన్ని పెట్టి, మూతమీద రెండుసార్లు తట్టాడు.

"ఈసారి పసుపు కాస్త ఎక్కువ తెప్పించు," అన్నాడు.

"సరే నాన్నా."

"నల్లది మాత్రం ముట్టుకోకు. అది నీకింకా రాదు."

అంతే. ఆ తరవాత గుడ్డ దులిపి మేకుకి తగిలించాడు. ఆ మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ గుమ్మంలో ఆగి, "పీపాలు మూత పెట్టలేదు. అలాగే ఉంచా," అని చెప్పి వెళ్ళాడు.

బడి తెరిచే ముందు పెద్ద టీచరమ్మ పని చూసుకోడానికి రమ్మంది. నాన్నా నేనూ వెళ్ళాం, నిచ్చెన మేస్త్రి నిచ్చెనతో సహా ముందే వచ్చి ఉన్నాడు. ఆవిడ కింది వరండాలోంచి మెట్ల మీదుగా పైకి, పైనుంచి కిందికి, జవాబు పత్రం దిద్దుతున్నట్టు నడిచింది. మలుపు దగ్గర కళ్ళజోడు తీసి చూసింది, పెట్టుకుని చూసింది. గోడమీద అరచెయ్యి వేసి అటూ ఇటూ జరిపింది. నాకు చిన్నప్పటి బెత్తం గుర్తొచ్చింది.

"ఎక్కడ ఆగిందో ఎక్కడ మొదలైందో నాకైతే కనిపించడం లేదు," అంది చివరికి. "మీ చెయ్యి ఏమీ మారలేదండీ. హాలూ, హాస్టలూ మీకే."

నాన్న గోడవైపే చూస్తున్నాడు. ఆ గోడ బాగుందో లేదో ఆయనకి తెలియదు. ఆవిడ చెప్పిందే ఆయనకి ఆధారం. "ఒక్క చెయ్యి కాదండీ..." అని ఏదో మొదలుపెట్టాడు.

ఆవిడ అప్పటికే నా వైపు తిరిగింది. "నువ్వు కూడా నాన్న దగ్గర నేర్చుకోవమ్మా. ఎన్నాళ్ళని ఆ పెట్టె దగ్గర కూర్చుంటావ్? చదువుకునేటప్పుడూ ఇంతే, కిటికీ పక్కన కూర్చుని లెక్కలు చేసుకునేదానివి."

"అలాగేనండీ," అన్నాను. మేస్త్రికి ఎందుకో దగ్గొచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు నాన్న గోడ నీడన నడుస్తున్నాడు. ఎండ ఆయన కళ్ళకి పడడం లేదని అప్పుడు గమనించాను.

"నీకు కోపం రాలేదా?" అన్నాడు.

"ఎందుకు?"

"నీ పని నా పద్దులో పడింది."

"ఎవరి పద్దులో పడితేనేం, కొట్టు ఒక్కటేగా."

"కాదు," అన్నాడు. "నేను ఈ కొట్టు పెట్టినప్పుడు మా నాన్న పేరు చెప్పుకుని ఒక్క డబ్బా అమ్మలేదు. ఆయన చేసే పని వేరు. నా గోరు నేనే సంపాదించుకున్నా. నీకది కుదరదు. నువ్వేం చేసినా ముందు నా ఖాతాలోకే వస్తుంది. అది తప్పించడం ఎలాగో నాకు తెలియడం లేదు." మలుపు తిరుగుతూ, అదే గొంతుతో అడిగాడు. "కళ్ళ డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్దాం?"

వానలు మొదలయ్యాక ఒక కన్ను, అది కుదుటపడ్డాక రెండో కన్ను కోశారు. కట్టు విప్పిన రోజు ఆయన ఇంట్లో చూసిన మొదటి వస్తువు ఆ దుప్పటి. "నీలం!" అని గట్టిగా అరిచాడు. "ఇన్నాళ్ళకి తెలిసింది మహానుభావుడికి," అంది అమ్మ. ఆ పూటంతా ఆయన ఇంట్లో ఉన్న నీలాలన్నీ ఏరుతూ తిరిగాడు. బకెట్టు నీలం, పెన్ను మూత నీలం, అమ్మ మందుసీసా నీలం.

డాక్టరు నల్లకళ్ళద్దాలు తీసెయ్యమన్నాక మొదట కొట్టుకి రాలేదు. నన్ను తీసుకుని బడికి వెళ్ళాడు. మలుపు దగ్గర నిలబడి పాత గోడా కొత్త గోడా చూశాడు. గోటితో కొంచెం గీకాడు కూడా. తరవాత తలుపు వెనక్కి వెళ్ళాడు. అక్కడ మేస్త్రి రెండోసారి వేసిన గోడ అలాగే ఉండిపోయింది. తలుపు తీసి ఉంచితే ఎవరికీ కనిపించదని ఎవరూ పట్టించుకోలేదు. నాన్న తలుపు మూసి దాని ముందు నిలబడ్డాడు.

"ఇది నాది," అన్నాడు.

"ఊఁ."

"ఏమిటే ఇంత చలిగా ఉందీ! పిల్లలకి స్వెట్టర్లు కావాలి దీని పక్కన కూర్చోడానికి." నవ్వాడు గాని, నవ్వు తొందరగా అయిపోయింది. "ఇలాంటివి ఊళ్ళో ఎన్నున్నాయో."

"మేస్త్రిని పంపి దీనిమీద ఒక కోటు వేయిస్తాను."

"వద్దు. ఉండనీ. నేను అప్పుడప్పుడు వచ్చి చూసుకోవాలి." తలుపు మళ్ళీ తెరిచిపెట్టాడు. మెట్లు దిగుతుండగా అన్నాడు. "ఆ టై అబ్బాయిని రమ్మను."

"ఇప్పుడెందుకు? నీ కళ్ళు బాగయ్యాయిగా."

"బాగయ్యాయనే చెబుతున్నా. అప్పుడు చూడకుండానే వద్దన్నా."

టై అబ్బాయితో బేరం నేనే ఆడాను. నెలాఖరు దాటి చాలాకాలమైంది కాబట్టి నేర్పే మనిషిని పంపడం కుదరదన్నాడు. ఎదురు కొట్టులో ఆ మిషను రెండుసార్లు మొరాయించిన సంగతి నాకు తెలుసు. బడి హాస్టలు పని మాకు వచ్చిన సంగతి వాడికి తెలుసు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే, టై కాస్త వదులు చేసుకుని, నేర్పే మనిషిని పంపిస్తానన్నాడు. మిషను వచ్చింది. గల్లాపెట్టె దగ్గర చోటు చాలక పెట్టెని గుమ్మం పక్కకి జరిపాం. కార్డు చూసి అడిగేవాళ్ళకి మిషను. పాత గోడ తెచ్చి చూపించేవాళ్ళకి కర్ర. ఈ రెండూ ఒకే కొట్టులో ఉండకూడదని ఎక్కడా లేదు. ఏదో ఒకటే ఉండాలని ఆ ఎండాకాలమంతా మేమిద్దరం అనుకోవడమే తప్పు.

ఒకరోజు వాన వెలిసిన కాసేపటికి, ఒకావిడ కాగితంలో చుట్టిన గోడ పెచ్చు పట్టుకుని వచ్చింది. వాళ్ళ ముందుగది గోడ ఒకవైపు చెమ్మపట్టి పాడైందట, అతుకు తెలియకుండా రంగు కావాలట. నేను లోపల మిషను వెనకున్నాను. నాన్న గుమ్మం పక్కన పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. ఆ కుర్చీ ఆయనకింకా అలవాటు కాలేదు, అంచున కూర్చుంటాడు.

"గోరాయన ఉన్నారా అండీ?" అందావిడ. కొత్తగా వచ్చిన మనిషిలా ఉంది, ఆయన్ని ఎరగదు.

"ఆయన మానేశాడమ్మా," అన్నాడు నాన్న. "గోరమ్మ ఉంది. పిలవనా?"

ఆ పేరు అప్పుడే పుట్టింది. అంతకుముందు నేను ఎక్కడా వినలేదు. ఆవిడ మాత్రం అది పాత పేరే అయినట్టు, "ఆఁ, పిలవండి," అంది.

నేను పెచ్చు తీసుకుని చూశాను. పాత గంధంరంగు, అడుగున కాస్త ఎరుపు. తెల్లరంగులో పసుపు వేశాను, పుల్లకొసన ఎరుపు తాకించాను, తిప్పాను. చాలాసేపు పట్టింది. ఆవిడ ఏదో అడగబోయి, నాన్న పెదాలమీద వేలు పెట్టి చూపిస్తే ఆగిపోయింది. కర్ర కొస గోటికి తాకించి, ఉఫ్‌మని ఊది, గుమ్మం దాటాను. రోడ్డు తడిగా ఉంది, ఎండ పలచగా ఉంది. చెయ్యి చాచాను.

"నల్లచుక్క," అన్నాడు నాన్న వెనకనుంచి, కుర్చీలోంచి లేవకుండానే.

"వేశాను," అన్నాను.